ఖాళీ అని గీసిన టాక్సీ

గాల్లోకి లేచిన టాక్సీలో ఒక చెయ్యి అద్దం తుడుస్తోంది.

నా కళ్ళను నేనే నమ్మలేదు. మూత తీసిన అన్నం డబ్బా ఒళ్ళోనే ఉండిపోయింది. పసుపుగుడ్డ పట్టుకున్న చెయ్యి, లోపలినుంచి, గుండ్రంగా, తీరిగ్గా తుడుస్తోంది.

మా పిన్ని పనిచేసే యార్డు ఇది. వీధుల్లో నెలల తరబడి కదలని బండ్లనీ, పోలీసులు పట్టుకున్నవాటినీ ఇక్కడికే లాక్కొస్తారు. సొంతదారు వచ్చి విడిపించుకుంటే సరే. గడువు దాటితే బండి నగరానిదైపోతుంది. ప్రెస్సులో పడేసి నలిపేస్తారు. మా ఊళ్ళో తుప్పుపట్టిన ట్రాక్టరుని కూడా పారేయరు, కోళ్ళు పడుకుంటాయి. ఇక్కడ అద్దాలు మెరిసే కారు కళ్ళముందే ట్రంకుపెట్టెంత అవుతుంటే, సెలవులకని వచ్చిన మొదటిరోజే నాకు తిండి సయించలేదు.

నలిపే బండిలో మిగిలినవన్నీ తీసెయ్యడం పిన్ని పని. పసిపిల్లల చెప్పులు, కళ్ళజోళ్ళు, సగం అల్లిన స్వెట్టరు. అన్నీ తీశాక స్టూలెక్కి, బండి పైకప్పు మీద సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు గీస్తుంది. అది క్రేన్ నడిపే అన్నయ్యకి పైనుంచి కనబడాలి. గుర్తు పడిందంటే లోపల ఏమీ లేదన్నమాట. ఆ తర్వాత ఇంకెవరూ తొంగి చూడరు.

పొద్దున కూడా క్రేన్ అన్నయ్య నన్ను వదల్లేదు. "ఏం మౌనమునీ, ఇవాళైనా ఒక్క మాట రాలుస్తావా?"

"దాన్నెందుకురా వేపుకు తింటావు? నీ వాగుడే ఇద్దరికి సరిపోతోంది" అంది పిన్ని.

ఆ తర్వాతే మేం టాక్సీ తాత బండి ఖాళీ చేశాం. తాత ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వీధిలో కదలకుండా పడుందని దాన్ని లాక్కొచ్చారట. ఆయన కోలుకుని వచ్చేసరికి గడువు దాటింది. బండి ఇవ్వరు. కానీ వారానికోసారి వస్తే పిన్ని కాసేపు కూర్చోనిచ్చేది. స్టీరింగ్ ముందు కూర్చుంటాడు, అద్దాలు తుడుస్తాడు, వెళ్ళిపోతాడు. "ఎల్లుండి వస్తాడే ముసలాయన. ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అని పిన్ని గుర్తు గీస్తూ ముక్కు చీదింది.

ఎల్లుండి రావలసిన మనిషి ఇవాళే వచ్చాడు. మేం షెడ్డు వెనక భోజనాలకి కూర్చున్నాం. గేటు దగ్గరి కాపలా మామయ్య ఎప్పట్లాగే ఆయన్ని లోపలికి పంపేశాడు. కిందనుంచి పైకప్పు మీది గుర్తు తాతకెలా కనబడుతుంది? పైనున్న క్రేన్ అన్నయ్యకేమో గుర్తు మాత్రమే కనబడింది.

నోరు తెరిచాను. గాలి తప్ప మాట రాలేదు. పిన్ని అటు తిరిగి చేతులు కడుక్కుంటోంది. క్రేన్ ఇనప పంజా టాక్సీని పట్టుకుని ప్రెస్సు వైపు తిప్పుతోంది. పరుగెత్తాను. డబ్బా ఎక్కడ పడిందో తెలీదు. ప్రెస్సు ముందుకెళ్ళి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను.

క్రేన్ ఆగింది. అన్నయ్య తలుపు తోసుకుని అరిచాడు. "పిచ్చిగానీ పట్టిందా నీకు? తప్పుకో!"

"తాతున్నాడు!" నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "లోపల తాతున్నాడు!"

పిన్ని చేతిలోని చెంబు కిందపడింది.

టాక్సీని దించడానికి అన్నయ్య ఎంతసేపు తీసుకున్నాడో! గుడ్డుని దించినట్టు దించాడు. పైకప్పు కాస్త లోపలికి నొక్కుకుపోయి తలుపు బిగుసుకుంది. పిన్నీ, అన్నయ్యా కలిసి లాగితే ఊడొచ్చింది. తాత రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"కదిలిందమ్మా" అన్నాడు పిన్నితో. "తాళం కూడా పెట్టలేదు. దానంతటదే కదిలింది."

పిన్ని ఠపీమని నుదురు కొట్టుకుంది. "కదిలిందా! నీ దుంపతెగ, నిన్ను చంపేసేవాళ్ళం కదయ్యా!" అని తిడుతూనే భోరుమంది. క్రేన్ అన్నయ్య నేలమీద చతికిలపడ్డాడు. "మనిషిని... అక్కా, మనిషిని..." అంటున్నాడు.

అప్పుడు తాత అద్దంలోంచి పైకి చూశాడు. పంజా వేలాడుతోంది. ఎదురుగా ప్రెస్సు నోరు తెరుచుకుని ఉంది. మొహంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది.

"అంటే, ఇవాళేనా?"

పిన్ని నేలచూపులు చూసింది. ఎవరో ఒకరు చెప్పాలి కదా. "అవును తాతా" అన్నాను.

ఆయన సీటు పట్టుకుని దిగాడు. దిగి, "సరే, కానివ్వండి" అన్నాడు.

"నా వల్ల కాదు. ఇవాళ క్రేన్ లీవరు ముట్టుకోను" అన్నాడు అన్నయ్య.

"రేపైనా నువ్వేగా నాయనా ఎత్తేది. నేనుండగానే కానివ్వు."

అన్నయ్య లేచాడు. టాక్సీ మిగతా తలుపులన్నీ తెరిచాడు. సీట్ల కింద తడిమాడు. డిక్కీ తెరిచి తల దూర్చి చూశాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చి మొదటినుంచీ వెతికాడు. పక్కనే నిలబడ్డ తాతని చూస్తూ కూడా వెతికాడు. చివరికి నా దగ్గరికొచ్చి, "నువ్వోసారి చూడవే చెల్లీ" అన్నాడు.

వంగి చూశాను. ముందు సీటులో ఆయన కూర్చున్న చోట గుంట ఇంకా పూడలేదు.

"ఎవరూ లేరు" అన్నాను.

"ఎవరూ లేర్లే నాయనా" నా వెనకనుంచి తాత అన్నాడు. "ఎత్తు."