చామంతి నోట్లో చెయ్యి

భువనేశ్వరికి మనుషులతో మాట్లాడటం కంటే పశువులతో మాట్లాడటం తేలిక. తిరుత్తణి దగ్గరి పల్లెలో పెరిగి, పశువైద్యం చదివి, మైలాపూరులో కాంతారావుగారి క్లినిక్‌లో చేరి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఆమె గొంతెత్తి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు.

కాంతారావుగారు గుంటూరు నుంచి వచ్చి క్లినిక్ పెట్టిన కొత్తలో గుమ్మం ముందు కట్టేసేవన్నీ ఆవులూ గేదెలేనట. ఇప్పుడు పాత ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఊరి పేరు కూడా ఈమధ్యనే చెన్నై అని మారింది. క్లినిక్ బెంచీ మీద పొమరేనియన్లు, ఆల్సేషన్లు కూర్చుంటున్నాయి. సినిమావాళ్ళ కుక్కలైతే కారు దిగవు, వాటికి కారులోనే సూది వెయ్యాలి.

"పేడ వాసనతో నేను లోపలికొస్తే వీళ్ళంతా ముక్కు మూసుకుంటారమ్మా. ఆవుల సంగతి నువ్వు చూసుకో" అన్నాడాయన, ఆమె చేరిన రెండో రోజే.

ఆమెకు కావలసిందీ అదే. మోపెడ్ వెనక మందుల పెట్టె కట్టుకుని సందుల్లో తిరిగేది.

ఆ శుక్రవారం పొద్దున రంగసామి దగ్గర నుంచి కబురొచ్చింది. రంగసామికి మూడు ఆవులు. అతనూ అతని భార్య పంకజమూ వాటిని వీధి వెంట నడిపించుకుంటూ పోయి, వాడిక ఇళ్ళ గుమ్మం ముందే, అమ్మగార్ల కళ్ళ ముందే పాలు పితికి పోస్తారు. నీళ్ళు కలిపారన్న మాట ఎవరూ అనలేరు. శుక్రవారాలైతే ఆ ఇళ్ళవాళ్ళు అవిసె ఆకు కట్టలు కొనుక్కొచ్చి ఆవులకు తమ చేత్తో తినిపించి, నొసటికి పసుపు రాసి, దండం పెట్టుకుంటారు. అందరికీ ముద్దు చామంతి. తెల్లటి ఆవు, మూతి దగ్గర మాత్రం పసుపురంగు చార.

భువన వెళ్ళేసరికి చామంతి తల వంచుకుని నిలబడి ఉంది. నోటి నుంచి జొల్లు తీగలు తీగలుగా నేల దాకా కారుతోంది.

"నిన్నట్నించి మేత ముట్టలా డాక్టరమ్మా" అన్నాడు రంగసామి. "నీళ్ళు గూడా మింగలేకుండాది. గొంతులో ఏందో అడ్డం పడుండాది."

"ఏందో ఏంది, ప్లాస్టిక్ కవరే!" అంది పంకజం. "కుప్పతొట్టి కాడికి పోవద్దే అంటే వింటుందా? ఆ పాచిపోయిన సాంబారు కవర్లంటే దీనికి ప్రాణం. పొద్దున ఆ చివరింటి అవ్వ అవిసె ఆకు పెడితే అదీ తినలా. అవ్వేమో ఒకటే ఏడుపు, శుక్రవారం పూట గోమాత వద్దనేసిందని."

ఆ వేసవిలో భువన చూసిన ఆవుల్లో సగానికి పైగా ప్లాస్టిక్ తిన్నవే. ఒకదాని గొంతులోంచి ఆమె స్వయంగా రెండు సంచులు లాగింది. ఇదీ అంతే అనుకుంది. అనుకోగానే జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. చేతి తొడుగులు పెట్టెలో లేవు, అవి క్లినిక్‌లో ఆపరేషన్లకే. ఉన్నా వేసుకునేది కాదేమో. తొడుగు ఉంటే వేలి కొసకు ఏదీ తెలియదు.

"అక్కా, నాలుక పట్టుకో."

పంకజం నాలుకను వట్టి చేత్తో పట్టి పక్కకు లాగింది. భువన చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. వెచ్చగా, జిగటగా ఉంది. ఎంత వెతికినా ఏమీ తగల్లేదు. చెయ్యి తీసేటప్పుడు పై దవడ పళ్ళు కణుపుల మీద గీరుకుని రెండు చోట్ల తోలు లేచింది.

"లోపలికి జారిపోయుంటుంది" అంది భువన. నూనె పట్టించమంది. రంగసామి దవడ ఎత్తి పట్టుకుంటే, పంకజం వెదురు గొట్టంతో నూనె పోసింది. సగం నూనె జొల్లుతో కలిసి ఆమె చేతుల మీదుగానే కారింది.

రంగసామి మురిసిపోయాడు. "చూస్తివా పంకజం? చిన్న పిల్ల, ఈమెకేం తెలుసని నవ్వితివే. మిగతా డాక్టర్లు ఆమడ దూరాన నిలబడి మందు రాస్తారు. ఈమె మోచేతి దాకా పెట్టింది!"

ఎవరైనా అలా మెచ్చుకోవడం భువనకు అదే మొదలు. సంబరంగానే చీటీ రాసింది. జబ్బు అన్న చోట "ప్లాస్టిక్ అడ్డం" అని రాసి, కింద పొడుగ్గా సంతకం పెట్టింది.

ఆదివారం ఎవరూ పిలవకపోయినా చూసి పోదామని వెళ్ళింది. సందు మొదట్లో ఉండగానే ఆ అరుపు వినబడింది. ఆవు అరుపులా లేదు. చిల్లు పడ్డ బూరా ఊదినట్టు బొంగురుగా, ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ. అది ఏ జబ్బు అరుపో భువన పోల్చుకుంది.

కాలేజీలో మొదటి ఏడే చెప్పిన పాఠం అది. జొల్లు కార్చే పశువు నోట్లో చెయ్యి పెట్టే ముందు, దాన్ని కుక్క కరిచిందా అని అడగండి. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. ఇక్కడ మాత్రం అడగలేదు.

చామంతి వెనక కాళ్ళు చచ్చుబడి పక్కకు ఒరిగి ఉంది.

"అన్నా, దీన్ని ఎప్పుడైనా కుక్క కరిచిందా?"

"కుక్కా? లేదే" అన్నాడు రంగసామి.

పంకజం నేల చూపులు చూసింది. భువన ఆ చూపు గమనించింది.

"అన్నా, ఇది ప్లాస్టిక్ కాదు. పిచ్చికుక్క జబ్బులాగుండాది. దీని నోరు ముట్టినోళ్ళందరం సూదులు వేయించుకోవాల. నేను, అక్క, నువ్వు."

"చుమ్మా ఉండమ్మా, నోరెత్తబాక!" రంగసామి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట వీధిలో పడిందంటే నా పాలు ఎవుడు తాగుతాడు? ప్లాస్టిక్ అని నువ్వే గదా రాస్తివి? ఆ చీటీ ఈడే ఉండాది" అని చొక్కా జేబు తట్టి చూపించాడు.

ఆ సాయంత్రమే చామంతి చచ్చిపోయింది. మెదడు పరీక్ష చేయిస్తే నిజం తేలుతుందని మర్నాడు తెల్లవారగానే భువన పరిగెత్తింది. అప్పటికే రంగసామి కార్పొరేషన్ బండి పిలిపించి కళేబరాన్ని ఎత్తించేశాడు. ఇక చూపించడానికి రుజువు లేదు. ఉన్నదల్లా ఆమె చేతిరాత.

కాంతారావుగారు అంతా విన్నాడు. తరవాత బయటికి వెళ్ళి ఒక చిన్న పెట్టె తెచ్చి, కుక్కల మందులుండే ఫ్రిజ్‌లో పెట్టాడు.

"పెద్దాసుపత్రి లైన్లో నిలబడి బొడ్డు చుట్టూ పొడిపించుకునే కర్మ నీకెందుకు? ఇవి చేతికేసేవి. ఐదే. రేపు పొద్దున్నే మొదటిది వేయించుకో."

"మరి పంకజం అక్కకి, సార్?"

"చెప్పావు కదమ్మా. వినకపోతే మనమేం చేస్తాం? నువ్వు వీధిలో గొడవ చేశావనుకో, ప్లాస్టిక్ అని రాసింది ఈ పిల్లే కదా అంటారు. రేపట్నించి మన గుమ్మం ఒక్కడూ తొక్కడు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మందు దొరకడం ఎంత కష్టమో భువనకు తెలుసు. అందుకే ఆమెకు ఎదురు చెప్పడం ఇంకా కష్టమైంది. తల ఊపి ఇవతలికి వచ్చింది గానీ కంటి మీద కునుకు లేదు. కణుపుల మీద గీతలు ఆరిపోతున్నాయి. పంకజం వేళ్ళు గడ్డి కోసి కోసి ఎప్పుడూ పగిలే ఉంటాయి.

మంగళవారం పొద్దున ఆరు గంటలకు ఆ వీధికి వెళ్ళింది. గుమ్మాల్లో అమ్మగార్లు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పంకజం ఎర్రావు పక్కన గొంతుకూర్చుని పితుకుతోంది. భువన నోరు తెరిచింది. మాట లోపలే ఆగిపోయింది. మళ్ళీ తెరిచింది.

"ఏమ్మా, ఏందో గొణుగుతాండావు? గట్టిగా చెప్పు" అంది చివరింటి అవ్వ.

"చామంతికి... పిచ్చికుక్క జబ్బు వచ్చింది. దాని నోట్లో చెయ్యి పెట్టినోళ్ళు సూదులు వేయించుకోవాల."

రంగసామి ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. జేబులోని చీటీ తీసి, లుంగీ కట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఒక పెద్దాయన చేతిలో పెట్టాడు. "చదవండి సార్. ఏం రాసుండాదో మీరే చదవండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ప్లాస్టిక్ అనే ఉందే? డాక్టర్ భువనేశ్వరి అని సంతకం కూడా ఉంది."

"ఆ డాక్టర్ ఈమే సార్!"

నలుగురూ నవ్వారు. భువన చెవులు మండాయి. అక్కణ్ణించి పారిపోతే ఎవరూ ఏమీ అనరు. ఆ నవ్వులోనే అంతా తేలిపోతుంది. పంకజం తల ఆవు డొక్కకు ఆనించి, ఏమీ విననట్టు పితుకుతూనే ఉంది.

"అది నేను తప్పు రాసిన చీటీ" అంది భువన. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "కుక్క కరిచిందా అని అడక్కుండానే రాసినా. తప్పు నాది. కాచిన పాలతో భయం లేదు, ఈ ఆవులు బాగుండాయి. శుక్రవారం దాని నోటికి ఆకు అందించినోళ్ళు, జొల్లు చేతికి తగిలినోళ్ళు మాత్రం పెద్దాసుపత్రికి పోండి. దయచేసి పోండి."

నవ్వు ఆగిపోయింది. చివరింటి అవ్వ తన కుడి అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. ఒక గిన్నె లోపలికి వెళ్ళిపోయింది. దాని వెనకే ఇంకొకటి. తలుపులు ఒకటొకటే మూసుకున్నాయి.

"నా నోట మట్టి కొడితివి గదమ్మా" అన్నాడు రంగసామి. అరవలేదు కూడా.

మధ్యాహ్నం క్లినిక్ వెనక గుమ్మంలో పంకజం వచ్చి నిలబడింది. చేతులు కొంగులో చుట్టుకుని ఉంది.

"నెల పైనే అయింది. పండ్ల బండి కాడ ఒక బక్క కుక్క దాని మూతి మీద కరిచింది. పసుపూ సున్నమూ కలిపి పెట్టినా. మానిపోయింది. ఆయనకి చెప్పలా. నీ చేతిలో ఉండగా ఎట్ట కరిచిందే అని తిడతాడని."

"ఇప్పుడైనా చెప్తివి గదక్కా. పద, పెద్దాసుపత్రికి పోదాం."

"యాడికి పోయేది? తెలిసినామె చెప్పింది, పదినాళ్ళు పైన పోవాలంట, కడుపు వాచిపోతుందంట. పొద్దున్నే ఆ లైన్లో నిలబడితే పాలు పితికేదెవరు? కడుపు వాస్తే వంగేదెట్ట? మిగిలిన నాలుగిళ్ళూ పోతాయి." ఒక క్షణం ఆగింది. "నువ్వు వేయించుకుంటివా?"

"ఇంకా లేదు."

"నీకూ కడుపులోనేనా?"

పంకజం వెక్కిరించడానికి అడగలేదు, తెలుసుకోవాలనే అడిగింది. అందుకే ఆ ప్రశ్న భువనకు అంత గుచ్చుకుంది. ఫ్రిజ్ తెరిచి ఆ చిన్న పెట్టె తీసింది.

"చేతికేసేవి. నెలలో ఐదు సార్లే. దీంతో వంగొచ్చు, పితకొచ్చు. ఇది నీకు."

"మరి నీకు?"

"నేనేమన్నా పాలు పితకాలా?"

వీధి చివర ధర్మలింగం అని మనుషుల డాక్టరున్నాడు. మొదటి సూది ఆయనే వేశాడు, మిగతా నాలుగూ తన ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడు. సూది దిగుతున్నప్పుడు పంకజం గోడ వైపు తిరిగి, "ఆయనకి చెప్పబాక" అంది.

కాంతారావుగారికి తెలిసి, "నీకు బుద్ధుందా? ఆ పెట్టె కోసం నేనెంతమంది కాళ్ళు పట్టుకున్నానో తెలుసా?" అని కేకలేశాడు. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. సాయంత్రం పోతూ పోతూ, "రేపు పొద్దున్నే పో. ఆలస్యంగా పోతే లైను రోడ్డు దాకా ఉంటుంది" అని మాత్రం అన్నాడు.

సూదులు మొదలెట్టిన మూడో రోజు, అంటే శుక్రవారం, భువన పెద్దాసుపత్రి వరండాలో పొట్ట పట్టుకుని నిలబడి ఉంది. ముందు రెండు రోజులు పొడిచిన చోట్లు ఎర్రగా ఉబ్బాయి. వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే రంగసామి. తల మీదుగా తుండుగుడ్డ కప్పుకున్నాడు. వాడిక వాళ్ళెవరైనా చూస్తారేమోనని కాబోలు, ముఖం గోడకు పెట్టాడు.

లైను రెండడుగులు జరిగింది.

"దవడ పట్టుకునింది నేనే గదా" అన్నాడు చివరికి, గోడతో చెప్పినట్టు. "పంకజం నిన్న అంతా చెప్పేసింది. కుక్క సంగతి, నువ్విచ్చిన మందు సంగతి. ఈ పొద్దు రెండోది వేయించుకునింది. నేనే దగ్గరుండి వేయించినా."

"పాలు?"

"సగం ఇళ్ళు మానేసినాయి. ఉండేటోళ్ళకి పంకజం పోస్తాండాది." ఆగి, "నీ మీద నా కోపం పోలేదు" అన్నాడు.

"తెలుసు అన్నా."

"ఇంక భయం లేదని ఎప్పటికి తెలుస్తుంది?"

"ఏడాది దాకా చూడాల."

"ఏడాదా!" రంగసామి తుండుగుడ్డ కిందికి లాక్కున్నాడు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి పోయి, చొక్కా దించుకుంటూ బయటికి వస్తున్నారు. అతను వాళ్ళ ముఖాలే చూస్తూ నిలబడ్డాడు.

"సూది పెద్దదా?" అని అడిగాడు.

"పెద్దదే అన్నా" అంది భువన. "నువ్వు గోడ పట్టుకో."