పడవ వెనక గొంతు

నరసాపురంలో సత్తిరాజు గారి కేబుల్ చానెల్లో ఏ వార్తకైనా ఒకటే బొమ్మ. మున్సిపాలిటీ మీటింగైనా, పెనుగొండ గుడిలో ఉత్సవమైనా, యానాం నుంచి మందు సీసాలు తెస్తూ దొరికిపోయినవాళ్ల సంగతైనా, తెర మీద మాత్రం రేవు దాటే పడవే కనిపించేది. ఉన్నది ఒక్క కెమెరా. అది పెళ్లికి పోయిందా, అంతే సంగతులు. అందుకని కెమెరామన్ అప్పాజీ ఒకనాటి సాయంత్రం తీసిన పడవ క్యాసెట్టే రోజూ తిరిగేది. జనం కూడా దానికే అలవాటుపడిపోయారు.

ఆ పడవ వెనక వినిపించే గొంతు ఉమాశ్రీది. వార్తలు చదువుతూ మధ్యమధ్య టీవీకేసి చూసేది. ఎండ వాలిన నీళ్లు, సైకిళ్లు పట్టుకుని నిలబడ్డ మనుషులు, లేసు మూటలతో ఆడవాళ్లు, ఎంతకీ ఒడ్డు చేరని పడవ. కాసేపటికి చదువుతున్నది తానో, ఆ గోదారో తెలిసేది కాదు. అంతసేపూ తనకొక మొహం ఉందన్న సంగతే మరిచిపోయేది. ఆ మరుపే ఆమెకు హాయి.

పెదవి పక్కన మొదలైన బొల్లి మచ్చ బుగ్గంతా పాకింది మరి. చూసీ చూడనట్టు చూసే చూపులు ఆమెకు కొత్త కాదు. గొంతేమో ఊరందరికీ తెలుసు. అందుకే బజారులో నోరు విప్పేది కాదు. వంకాయలు వేలితో చూపించి, చేతి సైగలతోనే బేరమాడేది. ఈ మొహం ఆ గొంతుదేనని తెలిస్తే, రేపట్నుంచి గొంతును కూడా జాలిపడుతూ వింటారని ఆమె భయం.

ఓల్టేజి చాలదని పొద్దు వాలగానే జనరేటర్ వేసేయడం ఆ ఆఫీసు అలవాటు. ఆ రోజూ వేశారు. తీరా వార్తల వేళకి వీసీఆర్ పడవను మింగి కూర్చుంది. లోపల చుట్టుకుపోయిన టేపును అప్పాజీ లాగితే పుటుక్కున తెగింది.

"ఇంకో కాపీ లేదేంట్రా?" అన్నారు సత్తిరాజు గారు.

"తీసి పెడదామని చెప్తూనే ఉన్నానండి. మీరు వింటేగా!"

ఆయన ఎవరి మీదైనా ఎగిరిపడతారు గానీ ఉమాశ్రీ దగ్గర ఏనాడూ గొంతు పెంచలేదు. "అమ్మాయ్, అదృష్టం బాగుండి ఇవాళ కెమెరా ఇక్కడే ఉంది. నువ్వే ఎదురుగా కూచుని చదివెయ్యమ్మా. ఇష్టం లేదంటావా, ఈ పూటకి మానేద్దాం."

బలవంతం చేసినా బాగుండేది, వాళ్లను తిట్టుకునేది. ఇవాళ మానేస్తే రేపు కూడా మానేస్తుందని ఆమెకు తెలుసు. ఎవరూ చూడకుండా చూడు తండ్రీ అని మనసులోనే దండం పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

పెళ్లిళ్లకు వాడే వీడియో లైటు మొహం మీద భగ్గుమంది. పక్కనున్న టీవీలో పడవ చోట తను. మొదటి వార్తకు గొంతు వణికింది. రెండో వార్తకు ఓరగా టీవీలోకి చూసింది. బుగ్గ మీద మచ్చలు ఏట్లో ఇసుక లంకల్లా కనిపించాయి. రోజూ గోదారిని చూసినట్టే ఇప్పుడు తన్ను తాను చూసుకుంటూ చదువుకుపోయింది. ఎప్పుడు తల ఎత్తిందో ఆమెకే తెలియదు.

"ఇంతటితో వార్తలు సమాప్తం" అని ఫోను వైపు చూసింది. ఇక మోగుతుంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనకమానరు.

ఫోను మోగలేదు. డాబా మీదకెళ్లిన అప్పాజీ గబగబా దిగొచ్చాడు. "ఊరంతా చీకటండి! మనం మొదలెట్టకముందే కరెంటు పోయిందంట. జనరేటర్ మీదున్నాం కదా, మనకి తెలీలేదు. ఒక్కళ్లూ చూళ్లేదండి!"

గండం గడిచిందని ఊపిరి పీల్చుకోవాల్సింది. కానీ ఉమాశ్రీకి ఏడుపొచ్చింది. అంత బాగా చదివితే ఎవరూ చూడలేదా?

"పోన్లేమ్మా, మంచిదే అయింది" అన్నారు సత్తిరాజు గారు. "పొద్దున్నే వీడు రేవుకెళ్లి కొత్త పడవ తీసుకొస్తాడు." అప్పాజీ లైటు ఆర్పబోయాడు.

"ఉంచండి" అంది ఉమాశ్రీ కళ్లు తుడుచుకుని. "కరెంటు రానివ్వండి. మళ్లీ చదువుతాను."

కిటికీలోంచి చీకటి ఊరి వైపు చూస్తూ, ఆ వెలుతురులో అలాగే కూర్చుంది.