నాలుగో దెబ్బ

పళ్ల డాక్టరు ఒకాయన మా పాట మీద కేసు వేశాడని తెలిసిన రోజు నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. మా తమ్ముడు గిటారు మీద కట్టి, నేను డ్రమ్స్ వాయించి, వెళ్లిన ప్రతి ఊళ్లోనూ జనం చేత గొంతు చించుకుని పాడించిన పాట అది. పళ్లు పీక్కునే మనిషికి రాక్ సంగీతంతో ఏం పని? చదువుకునే రోజుల్లో ఆయనకూ ఒక బ్యాండు ఉండేదట, ఆ పాట అప్పుడు ఆయన కట్టిందేనట. పేరొచ్చిన పాటకి తండ్రులకేం కొదవ అన్నాను. తమ్ముడు మాత్రం నవ్వలేదు. భయపడ్డాడు పాపం అనుకుని, "నేనున్నాగా, నువ్వు నోరు మూసుకుని కూర్చో," అని ధైర్యం చెప్పాను.

కోర్టు మెట్లెక్కే ముందు ఇరుపక్షాలూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలని మా లాయరమ్మ సలహా ఇచ్చింది. ఆవిడ ముందే ఒక మాట చెప్పింది. "ట్యూన్లు ఒకదాన్నొకటి పోలడం మామూలే. ఉన్న స్వరాలే పన్నెండు. మీ పాటలో ఇంకెవరి దగ్గరా లేనిది ఏముందో అది చెప్పండి, చాలు."

అది నా దగ్గర ఉంది. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు నాలుగు దెబ్బల వరసలో నాలుగోది పడదు. మూడు కాగానే మళ్లీ ఒకటి. పాట అక్కడ తడబడి, పడబోయి, నిలదొక్కుకుంటుంది. జనానికి వెర్రెక్కేది అక్కడే. డ్రమ్స్ నేర్చుకునే పిల్లలు నా దగ్గరకొచ్చి ఆ ఒక్క చోటే నేర్పమని అడుగుతారు. వాళ్లందరికీ ఒకటే చెప్తాను, అది మా నాన్న గుండె అని.

నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు అక్కడి డాక్టరు స్టెతస్కోపు తీసి తమ్ముడి చెవుల్లో పెట్టాడు. నన్నూ వినమన్నాడు. నాకు ధైర్యం చాలలేదు, గుమ్మం దగ్గరే ఉండిపోయాను. నాన్న పోయాక నేను డ్రమ్స్ మీద గుడ్డ కప్పేసి, ఇక వాయించనని తేల్చి చెప్పాను. అప్పుడు తెచ్చాడు వాడు ఈ పాట. "ఇక్కడ కొట్టకక్కా. నాన్న గుండె ఇక్కడ ఒక దెబ్బ మింగేసేది," అన్నాడు. కప్పిన గుడ్డ తీసేశాను. మొదట్లో చెయ్యి కుదిరేది కాదు. నేను లెక్కగా ఒక దెబ్బ వదిలితే వాడు ఒప్పుకునేవాడు కాదు, "వెంట్రుకవాసి ముందే రావాలక్కా," అనేవాడు. ఈ వెంట్రుకవాసి ఎక్కడి లెక్కరా అని కసిరితే, "నాన్న గుండె లెక్క చూసుకుని కొట్టుకుందా?" అన్నాడు. ఇంకేం అంటాను. నోరు మూసుకుని నేర్చుకున్నాను.

అప్పటినుంచి ఏ ఊళ్లో వాయించినా ముందు వరసలో అమ్మకి ఒక కుర్చీ ఉంటుంది. ఆ చోటు రాగానే నేను అమ్మకేసి చూస్తాను. అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంటుంది.

లాయరమ్మ ఆఫీసులో ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పొడవాటి బల్లకి అటువైపు పళ్ల డాక్టరు, ఆయన లాయరు. ఇటు మేం ముగ్గురం. మూలన ఏసీ నీళ్లు ఒక బకెట్లో చుక్కచుక్కగా పడుతున్నాయి. డాక్టరు మీసాలు మెలేసే రకం అయ్యుంటాడనుకున్నాను. తీరా చూస్తే బక్కపలచటి మనిషి, మాట పైకి లేవదు. నేను చెప్పిందంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ నాన్నగారి సంగతి నాకు తెలీదమ్మా," అన్నాడు. "కానీ మేం వాయించినప్పుడు నాలుగు దెబ్బలూ ఉండేవి."

"చూశారా, అది మీది కాదని మీరే ఒప్పుకున్నారు," అన్నాను. లాయరమ్మ మొహం వెలిగిపోయింది. తమ్ముడు నా మోచేయి పట్టుకుని, "అక్కా, ఇక చాల్లే," అన్నాడు. విదిలించేశాను.

డాక్టరు సంచిలోంచి చిన్న ప్లేయరు, ఒక పాత క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. మీట నొక్కాడు. ముందు బరబరమని చప్పుడు, వెనకే గిటారు. గొంతు ఈయనదే, అప్పట్లో పంటి నొప్పి ఈయనకే ఉండేదేమో అనిపించింది. ట్యూను మాదే. అయితే ఏంటి, ఉన్న స్వరాలే పన్నెండు. పల్లవి ఒకసారి వచ్చింది, నాలుగు దెబ్బలూ పడ్డాయి. నేను వేళ్లతో బల్ల మీద వాయిస్తూ కూర్చున్నాను.

పల్లవి రెండోసారి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది లేదు.

నా వేళ్లు నన్నడక్కుండానే దాంతో పాటు దూకాయి. వెంట్రుకవాసి ముందే, ఆ వెంట్రుకతో సహా. ఆ చోటు నేర్చుకోవడానికి నేను ఎంత ఏడ్చానో నా చేతులకి తెలుసు. అవి పొరపాటు పడవు.

"మా పాట విని చేసుకున్నారు ఇది," అన్నాను. గొంతు పెద్దదైంది. "నాలుగూ ఉండేవని ఇప్పుడేగా అన్నారు?"

ఆయన కోప్పడలేదు. క్యాసెట్టు బయటికి తీసి, కన్నంలో పెన్ను దూర్చి తిప్పి, రిబ్బను కాస్త లాగి కిటికీ వెలుతురుకి పట్టాడు. గోధుమరంగు రిబ్బను మీద గోరంత గమ్ టేపు ముక్క, పసుపెక్కిపోయి ఉంది.

"ప్లేయరు నమిలేసిందమ్మా. నలిగిన ముక్క కత్తిరించేసి రెండు కొసలూ అతికించాను. ఆ ముక్కతో పాటే ఒక దెబ్బ పోయింది, దెబ్బ కంటే వెంట్రుకవాసి ఎక్కువే పోయింది. అది పాటలోది కాదు. కత్తెరది."

వేల మంది ముందు కళ్లు మూసుకుని నేను వాయించింది గమ్ టేపునా?

"అతికించాక దీనికి ఒక్క నకలు తీశాను," అన్నాడాయన. "అది ఆంప్లిఫయరు వెనక చెక్క సందులో పెట్టి మరిచిపోయాను. తర్వాత ఆంప్లిఫయరు అమ్మేశాను."

"ఎలాంటి ఆంప్లిఫయరు?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఎర్రది. పిడి విరిగిపోతే నా నడుం బెల్టు కట్టాను."

ఆ బెల్టుకి ఒక కొస నేను, ఒక కొస తమ్ముడు పట్టుకుని ఆ ఆంప్లిఫయరుని మా మేడ మీదికి మోశాం. బెల్టు ఇప్పటికీ దానికే ఉంది. నేను తమ్ముడి వైపు తిరిగాను. వాడు తలెత్తలేదు.

లాయరమ్మ కాసేపు విరామం కావాలంది. నడవాలో మంచినీళ్ల ఫిల్టరు దగ్గర వాణ్ని నిలబెట్టాను. చెంప ఛెళ్లుమనిపిద్దామని లేచిన చెయ్యి ఎందుకో మధ్యలోనే ఆగిపోయింది.

"ట్యూను దొంగిలించావు సరే. మధ్యలో నాన్ననెందుకు తెచ్చావురా?"

"నువ్వు వాయించనన్నావు కదక్కా." అన్నాడు వాడు. "ఎంత బతిమాలినా కప్పిన గుడ్డ తియ్యలేదు. నాన్న పేరు చెప్తే తీశావు."

దొంగని తిట్టడానికి నా దగ్గర బోలెడు తిట్లున్నాయి. దీనికి ఒక్కటీ లేదు.

లోపలికెళ్లి, "ఆ ఆంప్లిఫయరు మా ఇంట్లో ఉంది," అని చెప్పాను. లాయరమ్మ ఫైలు మూసేసింది. పాట కట్టింది డాక్టరని ఇకమీదట ప్రతిచోటా వేయాలని రాసుకున్నాం. తమ్ముడు సంతకం చేశాడు. వెళ్లేటప్పుడు డాక్టరు నా దగ్గర ఆగాడు.

"అతికించిన రోజు పాట పాడైపోయిందని ఏడ్చానమ్మా. మీరు వాయిస్తుంటే అదే బాగుంది," అన్నాడు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో గిన్నెలు తుడిచి పెడుతోంది. తమ్ముడు లోపలికి రాలేక గుమ్మంలోనే చెప్పులు విప్పుతూ ఉండిపోయాడు. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ నాకు ఆవిరైపోయాయి.

"అమ్మా, ఆ పాటలో ఉన్నది నాన్న గుండె కాదు," అన్నాను.

అమ్మ చేతిలో గిన్నె తుడవడం ఆపలేదు. "తెలుసే," అంది.

"ఏం తెలుసు?"

"మీ నాన్న గుండె మీద తల పెట్టుకుని పడుకున్నదాన్ని, నాకు తెలీదా? ఆయన గుండె ఆగేది. ఇక రాదేమో అని నేను హడలిపోయాక, తీరిగ్గా అప్పుడొచ్చేది. మీ పాటలో ముందే పరిగెత్తుకొచ్చేస్తుంది." గిన్నె బోర్లించింది. "ఆయన బతుకులో దేనికి తొందరపడ్డాడు కనక?"

పీట మీద కూలబడ్డాను. నాన్న మనిషే నిదానం. డ్రమ్స్ వాయించేదాన్ని, ఆలస్యానికీ తొందరకీ తేడా తెలియనిదాన్నా? ఒక్కసారైనా నాకు తట్టలేదు.

"మరి ప్రతిసారీ అక్కడికి రాగానే గుండెల మీద చెయ్యి వేసుకునేదానివి కదమ్మా?"

అమ్మ చేతులు చీరకి తుడుచుకుంది.

"అక్కడికి రాగానే నువ్వు నాకేసి చూసేదానివి కదా," అంది.