విమానానికి ఎదురు

మూడేళ్లపాటు షావుకారు నరసింగరావుగారి విమానం నేను ఎదురు రానిదే నేల వదల్లేదు. నవ్వితే నవ్వండి గానీ, ఇది నిజం. చీపురుపల్లి అవతల యుద్ధం రోజుల్లో సైన్యం వాళ్లు వేసి వదిలేసిన రన్‌వే ఒకటి ఉండేది. మాంగనీసు గనుల షావుకారు దాని మీద తుప్పలు కొట్టించి, పక్కన రేకుల షెడ్డు వేయించి, రెండింజన్ల బుల్లి విమానం ఒకటి కొన్నాడు. దాన్ని నడిపేవాడు మా బావ జగన్నాధం. అంటే నా మొగుడే. మేనరికం కనక పెళ్లయినా బావ బావే, అత్త అత్తే.

షావుకారు కలకత్తా వెళ్లాలంటే ముందు పంతులు వర్జ్యం చూడాలి. తర్వాత జీపు మా గుమ్మంలోకి రావాలి. నేను జడలో పూలు పెట్టుకుని, ఇత్తడి బిందె నిండా నీళ్లతో విమానం ముక్కుకి ఎదురుగా నడవాలి. వెనక సీట్లోంచి షావుకారు కళ్లు మూసుకుని దండం పెట్టేవాడు. ముందు సీట్లో మా బావ నవ్వాపుకోలేక తల వంచుకునేవాడు. ఆ తర్వాతే పంకాలు తిరిగేవి. జ్వరమొచ్చినా నన్ను వదిలేవాళ్లు కారు. "ఏం, ఊళ్లో ముత్తయిదువలు కరువయ్యారా?" అని జీపు డ్రైవరు గంగులు మీద విరుచుకుపడేదాన్ని. "నానేటి సేత్తానమ్మా, బాబుకి నీ ఎదురే కలిసొచ్చినాది" అనేవాడు పాపం.

నేను జీపెక్కుతుంటే మా అత్త లక్ష్మణమ్మ పెరటి గదిలోకి పోయి తలుపేసుకునేది. బావ పసివాడుగా ఉన్నప్పుడే మావయ్య పోయాడు. ఖరగపూర్ రైల్వేలో పనిచేసే మా నాన్న మేనల్లుణ్ని తనతో తీసుకుపోయి, నాతోపాటే పెంచి చదివించి, కలకత్తా ఫ్లయింగ్ క్లబ్బులో చేర్పించాడు. అలా కొడుకు పైలట్ అయ్యాడు. తల్లి మాత్రం ఆ కొడుకు విమానం నేల మీంచి లేవడం ఒక్కసారీ చూడలేదు. చక్రాలు నేల విడిచేదాకా ఆ దరిదాపుల్లో బోసి నుదురు కనపడకూడదని షావుకారు నియమం. అత్త అంతకన్నా ఘనురాలు. చప్పుడు పూర్తిగా పోయేదాకా గదిలో గోడకేసి తిరిగి కళ్లు కూడా తెరిచేది కాదు.

అయినా ఆ మనిషికి ఉన్నది ఆ ఒక్క కోరికే. సాయంత్రం బావ తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నీళ్ల ముంత అందిస్తూ అడిగేది.

"నేల ఒగ్గీసినప్పుడు ఎలాగుంటాదిరా? కొంగ లెగిసినట్టా, గద్ద లెగిసినట్టా?"

"కొంగలాగేనే అమ్మా" అనేవాడు బావ. అతనిది నిదానమైన గొంతు. "పరిగెట్టి పరిగెట్టి, ఇంక పరిగెట్టలేనన్నట్టు తేలిపోతాది. అప్పుడింక నా వొళ్లు బరువు నాకు తెలీదు. నౌపడ మీదికెల్తే ఉప్పుమడుల్లో ఆకాశం గళ్లు గళ్లుగా పరిసినట్టుంటాది. ఒక మడిలో మబ్బు, పక్క మడిలో ఎండ, ఆ పక్క మడిలో నా ఇమానం. నాను పైనున్నానో కిందున్నానో నాకే తెలీదు."

అత్త ముంత పట్టుకుని అలాగే నిలబడిపోయేది. అవతల పొయ్యి మీద అన్నం మాడిపోయిన రోజులున్నాయి. మాడితే మాడింది, ఆ మాటలు వింటుంటే మా ఇంటి వాసాల మీద నీళ్ల వెలుగు కదులుతున్నట్టు నాకూ అనిపించేది. అత్తకి కలలో విమానం వచ్చేదట. పరిగెత్తేదట గానీ, సరిగ్గా నేల వదిలే వేళకి మెలకువ వచ్చేసేదట. "సూడందే కల మాత్తరం ఎక్కడ్నించొస్తాదే" అని నవ్వేది.

అరవయ్యెనిమిది వేసవిలో ఒకనాడు షావుకారు చెప్పాపెట్టకుండా బయల్దేరాడు. నేను చేస్తున్న పని వదిలేసి, బిందె పట్టుకుని పరిగెత్తాను. అత్త ఇంట్లో లేదు. జీడితోటకి వెళ్లి, గింజల మూట నెత్తిన పెట్టుకుని రన్‌వే పక్క దారినే తిరిగొస్తోంది. నా ఎదురు అయిపోయి, అప్పటికే పంకాలు తిరుగుతున్నాయి. పారిపోవలసిన మనిషి ఆగిపోయింది. మూట దించి, నోరు తెరుచుకుని, తిరునాళ్లలో చిన్నపిల్లలా చూస్తూ నిలబడింది. అంత సంతోషం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

పంకాలు ఆగాయి. షావుకారు తలుపు తీసుకుని దిగాడు.

"మొగుణ్ని మింగినదాన్ని ఎవర్రా ఇక్కడికి రానిచ్చింది? అవతలికి లాగండి. ఇవాళింక ప్రయాణం లేదు."

ఆమె తన పైలట్‌ని కన్నతల్లి అని ఆయనకి బాగా తెలుసు. అత్త కొంగు ముఖం మీదికి లాక్కుని, మూట అక్కడే వదిలేసి, పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తింది. బావ విమానంలోనే కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ఊరుకుంటానా? "నోరు పడిపోనాదేటి బావా? కన్నతల్లినంత మాటంటే బెల్లం కొట్టిన రాయిలాగ కూకున్నావు! ఆకాశంలో ఎగిరీవోడికి నేలమీద నోరు లెగదేటి?" అని దులిపేశాను.

అత్త మధ్యలో పడింది. "అరవకే నీలేణీ. షావుకారి తప్పేటున్నాది? నానే మతిలేక నిలబడిపోనాను. నాను సూసినందుకు ఈడికేటన్నా అయితే?"

బావ తలెత్తి తల్లిని చూశాడు. "నువ్వు సూత్తే నాకేదో అయిపోతాదని నువ్వూ నమ్ముతన్నావా అమ్మా?"

అత్త లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి బావ అన్నం ముట్టలేదు.

ఆ వారంలోనే ఎయిర్‌లైన్స్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. అదేమీ చిన్న సంగతి కాదు. షావుకారు దగ్గర అతనే కెప్టెన్. సముద్రం వెంబడి పోదామనిపిస్తే పోయేవాడు, మబ్బు ముద్దొస్తే దాని చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు. ఎయిర్‌లైన్స్‌లో అయితే కుడిచేతి సీట్లో రెండో పైలట్. తనకన్నా చిన్నవాడు చక్రాలు ఎత్తమంటే ఎత్తాలి, దించమంటే దించాలి. గీత గీసినట్టు ఒకటే దారి, గంట కొట్టినట్టు ఒకటే వేళ. "అంత చిన్నతనం పడగలవేటి బావా?" అని అడిగాను.

"ఎవులి కోసమూ ఆగని ఇమానం ఎలాగుంటాదో సూడాలనున్నాదే" అన్నాడు.

"అక్కడ నీకెవరోయ్ ఎదురొచ్చేది?" అని షావుకారు వెటకారమాడాడట. "ఎవరొస్తే వాళ్లేనండి" అన్నాడట మా బావ. ఆ మాట విని నాకు కడుపు నిండిపోయింది.

హైదరాబాదులో శిక్షణయ్యింది. విశాఖపట్నం మీదుగా కలకత్తా వెళ్లే విమానంలో మొదటిసారి వస్తున్నానని, సాయంత్రానికి మళ్లీ అదే దారిన తిరిగొస్తానని బావ కబురు పెట్టాడు. ముందురోజే అత్తని చీపురుపల్లిలో పాసింజరెక్కించి వాల్తేరు తీసుకుపోయాను. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి ఆకాశం తప్ప ఇంకేమీ చూడలేదు. "ఒలే, ఈసారి మెలకువ రాదు గావాల" అంది ఒకసారి, తనలో తనే అనుకుంటున్నట్టు.

విమానాశ్రయంలో నడుమెత్తు కంచె ఒకటే అడ్డం. దాని అవతల వెండిరంగు విమానం ఎండలో మెరుస్తోంది. జనం మెట్లెక్కుతున్నారు. చంకన పిల్లలతో ఆడవాళ్లు, టోపీలవాళ్లు, చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన. "అదిగో అత్తా, ముందద్దంలో బావ!" అని పక్కకి తిరిగితే అత్త లేదు. వెతికితే టీ కొట్టు వెనక, గోడకి నుదురానించి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది.

"ఓలమ్మో, ఏటిది? ఇందుకేనా ఇంత దూరమొచ్చినాం?"

"ఒగ్గీ తల్లీ. అప్పుడంటే ఒకడో ఇద్దరో. ఇప్పుడు పిల్లాజెల్లా ఎంతమందెక్కినారో సూసినావా? నా ముకం తగిలి ఆళ్లకేటన్నా అయితే ఆ పాపం ఏ గంగలో కడుక్కుంటాను?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఇంతలో పంకాలు మొదలయ్యాయి. కోపంలో నోటికొచ్చింది అనేశాను.

"నువ్వెవరనుకున్నావే అత్తా? నీ ముకం సూసి ఆగిపోడానికి అది షావుకారిదేటి? నువ్వొకత్తివి ఉన్నావనే దానికి తెలీదు. నువ్వెదురొచ్చినా ఎల్తాది, ఇక్కడ దాక్కున్నా ఎల్తాది. ఏలయిపోనాది, ఎల్లిపోతన్నాది. అంతే!"

అత్త కళ్లు తెరిచింది. "నిజింగా ఆగదా?"

"ఆగదు."

"నన్ను సూసినా?"

"సూసినా ఆగదు."

నన్ను తోసుకుని కంచె దగ్గరికి నడిచింది. విమానం దూరాన మలుపు తిరిగి, మా ముందు నుంచే పరిగెత్తుకొచ్చింది. గడ్డి అంతా ఒక పక్కకి వాలింది. అత్త కొంగు జారిపోయి నెరిసిన జుట్టు గాలికి లేచింది. సర్దుకోలేదు. చక్రాలకీ నేలకీ మధ్య సన్నని వెలుగు కనిపించింది. అది మెల్లగా వెడల్పయింది. ఆ సందులోంచి అవతలి కొండ కనిపించింది, గడ్డి కనిపించింది, ఆకాశం కనిపించింది. చప్పుడంతా నీళ్లడుగున ఎక్కడో జరుగుతున్నట్టుంది. ఎంతసేపో తెలియదు. కొండ మీద చుక్కయి, చుక్క కూడా కరిగిపోయినా అత్త అటే చూస్తూ ఉంది.

ఆ తర్వాత కదలనంది. "లెగిసింది సల్లగా దిగాల కదేటి" అని కంచె వార కూలబడింది. రోజంతా ఎండ ఆమె చుట్టూ తిరిగింది. మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. కూర్చునే కునికింది, నిద్రలో నవ్వింది, ఉలిక్కిపడి లేచి ఆకాశం వెతికింది. సాయంత్రం ఉత్తరాన మెరుపు కనిపించగానే అందరికన్నా ముందు లేచి నిలబడింది.

విమానం దిగింది. తలుపు తెరుచుకుంది. మెట్లు దిగే ఒక్కొక్క ముఖాన్నీ అత్త కళ్లతోనే తడిమి చూసింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకాయన ఆవలిస్తున్నాడు కూడాను. అందరి చివర ఒక ముసలావిడ దిగింది. తెల్లచీర, బోసి నుదురు, చేతిలో గుడ్డసంచి.

అత్త నా భుజం పట్టుకుంది. "ఆయమ్మ లోపలే కూకున్నాదేటి?"

ఆవిడ కంచె తలుపు దాటి రాగానే అత్త ఎదురెళ్లింది. "అమ్మా, నిన్నెక్కనిచ్చినారా? ఎవులూ ఏటీ అన్లేదా?"

"ఏమంటారమ్మా? కిటికీ పక్క సీటిచ్చారు. చెవులు కాస్త దిబ్బళ్లు పడ్డాయి, అంతే" అని ఆవిడ సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

బావ తెల్లచొక్కాలో నవ్వుకుంటూ కంచె దగ్గరికొచ్చాడు. "అమ్మా, సూసినావా?"

అత్త చూశానని చెప్పలేదు. అతణ్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"మరైతే నన్నెందుకురా ఇన్నాళ్లూ దాసినారు?" అంది.