తాజా పొర

గిన్నెలు తోముతున్న సూదమ్మ, మొగుడు పిలిచాడని వెనక్కి తిరిగేసరికి కుక్కర్ మూత వచ్చి మూతికి తగిలింది. కూరలో ఉప్పు తక్కువైందట. ఆ విసురుకి ఆకాశంలో పోయే విమానమైనా పక్కకి తప్పుకునేది.

"మగాడన్నాక కోపం రాదా? నువ్వు అడ్డంగా నిలబడితే తగలదూ?" అంది అత్తగారు, కాఫీ గ్లాసు దించకుండానే.

సూదమ్మ అనేది ఆమె పనిచేసే ల్యాబ్‌లో, సూదితో బొమ్మలు తీస్తుందని పెట్టిన పేరు. అక్కడ ఓ చిత్రమైన రాయి ఉంది. దాని లోపల చుక్క కరెంటు పారదు, పైపొర మీద మాత్రం ఎలక్ట్రాన్లు ఏరై పరుగెడతాయి. గాలి లేని ఉక్కు డబ్బాలో ఆ రాయికి అంటించిన కడ్డీని ఒక్క దెబ్బ కొడితే పెచ్చు లేచి కొత్త పొర బయటపడుతుంది. వెంట్రుకని లక్ష చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత ఎత్తున, ఆ పొరకి ఆనకుండా సూది నడిచి గీత తర్వాత గీతగా బొమ్మ తీస్తుంది. పక్క గదిలో తుమ్మినా బొమ్మ చెదిరిపోతుంది. అడుగుల చప్పుడు వినగానే ఊపిరి బిగబట్టే ఇంటి నుంచి వచ్చిన మనిషికి ఆ పని ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఆ రోజు తెర మీద ఎలక్ట్రాన్ల అలలు కనిపించాయి. ఏళ్ళ తరబడి వెతికినవి. పగిలిన పెదవితోనే నవ్వుకుంది.

అంతలో ల్యాబ్ తలుపు తన్ని మొగుడొచ్చాడు. "ఫోన్ ఎత్తవేం? మా అమ్మకి అన్నం ఎవరు పెడతారు?" అంటూ జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని గోడకేసి కొట్టాడు. అది చాలక మిషన్ బల్లనీ తన్నాడు. సూది వెళ్ళి రాయిలో దిగబడింది.

పరుగున వచ్చిన ల్యాబ్ పెద్దసారు ముందు కంప్యూటర్‌ని చూశాడు. గుచ్చుకున్న సూది ఒక్కోసారి పదునెక్కుతుంది. అదే జరిగింది. సూది పైకి లేచి, ఎన్నడూ లేనంత స్పష్టంగా గీస్తోంది.

"మీ ఆయన తన్ను మహిమమ్మా," అని పకపకా నవ్వాడు సారు.

"దెబ్బ పడితే ఏదైనా దారికొస్తుంది సార్," అని మొగుడూ నవ్వాడు.

ఆమె ఫోన్ తీసింది. సారు నవ్వు ఆపేశాడు.

"పోలీసులొస్తే అన్నీ ఆపించి గది మూసేస్తారు. గాలి తగిలి పొర పాడైపోతుంది, నీ బొమ్మ సగంలోనే పోతుంది. సాయంత్రం దాకా ఓర్చుకో తల్లీ."

తెర మీద ఇంకో గీత దిగుతోంది. దాన్ని చివరిదాకా చూసింది. ఎంత బాగుందో. ఆ తర్వాత పోలీసుల నంబరు నొక్కి, మొగుడు కొట్టాడని చెప్పింది. రెండో చేతిలో డబ్బా బోల్టులు విప్పే స్పానర్ ఉంది కాబట్టి మొగుడు అడుగు ముందుకెయ్యలేదు.

"దెబ్బలు కనిపిస్తున్నాయా అమ్మా?" అని అడిగింది అవతలి గొంతు.

ఆమె నోట్లో నెత్తురు మింగకుండా నేల మీద ఉమ్మింది.

"తాజాగా ఉన్నాయి. త్వరగా రండి."