కృత్రిమం అని రాసిన బొచ్చు

"నక్కల ముచ్చట నీకెందుకే? జర చారు పొయ్యి" అన్నాడు మా ఆయన వీరేందర్. ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. "కొలువు చేస్తున్నదని నోరు లేస్తున్నది" అంది మా అత్త లింగమ్మ. చారు పోశాను. ఈ ఇంట్లో పద్నాలుగేళ్లలో నేను మొదలుపెట్టి చివరిదాకా చెప్పిన మాట ఒక్కటీ గుర్తురాలేదు.

నేను చెప్పబోయింది ఇది. శంషాబాద్‌లో నేను పనిచేసే గోదాముకు ఒక విదేశీ బ్రాండు బట్టలు వాపసు వస్తాయి. మరకలు, చిరుగులు చూసి, మడతపెట్టి మళ్లీ సంచుల్లో పెట్టడం నా పని. ఆ వారం టోపీ అంచుకు బొచ్చు కుట్టిన కోట్లు వచ్చాయి. లోపలి చీటీ మీద 'కృత్రిమం' అని ఉంది. నా వేళ్లు ఒప్పుకోలేదు. మా ఊరు మంఖాల్‌లో మా బాపు రాజయ్య గొర్రెలు కాసేవాడు. చిన్నప్పటి నుంచీ ఉన్ని ఏరిన చేతులివి. బొచ్చు విడదీసి చూస్తే అడుగున బట్ట లేదు, తోలు ఉంది. రాలిన నాలుగు వెంట్రుకలు ఇంటికి తెచ్చి పొయ్యి మీద కాల్చాను. ప్లాస్టిక్‌లా కరగలేదు. జుట్టు కాలిన కంపు వచ్చింది.

"చీటీలో ఏముంటే అదేనమ్మా. మీరు మడతపెట్టండి చాలు" అన్నారు సూపర్‌వైజర్ హరిప్రసాద్ గారు. మర్నాటి నుంచి, రోజూ నాతో కూర్చుని తినే భాగ్యలక్ష్మి తన టిఫిన్ డబ్బా తీసుకుని వేరే బల్లకు వెళ్లింది. "ఏమనుకోకక్కా, నాకు ఈ కొలువు గావాలె" అంది. ఏమీ అనుకోలేదు. ఒక్కదాన్నే తిన్నాను.

బొచ్చు అమ్మడం మానేయమని ఆ బ్రాండును అడుగుతున్న ఒక సంఘం నంబరు ఫోన్‌లో దొరికింది. ఫరీదా అనే అమ్మాయి ఎత్తింది. కోట్ల సంగతి, బాపు సంగతి, కాల్చిన వెంట్రుకల సంగతి అన్నీ చెప్పాను. ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అందుకే ఏడుపొచ్చింది.

"హైదరాబాద్‌ల మీరు ఎంతమంది ఉన్నరమ్మా?" అని అడిగాను.

"నేనొక్కదాన్నే అక్కా. ఆదివారం బొచ్చు కొనొద్దని రాసిన అట్ట పట్టుకొని మాల్ ముంగట నిలబడ్త. లిఫ్టు ఎటని అడుగుతరు."

ఈ బొచ్చు కోసమే, వెనక్కి తిరగడానికి కూడా చోటులేని బోన్లలో నక్కలను పెంచుతారని ఆమే చెప్పింది. ఆ నక్కలతో నన్ను పోల్చుకోలేదు. నాకు తలుపు ఉంది. దాంట్లోంచి బయటికి వెళ్లి, రోజూ నేనే తిరిగి వస్తాను.

"బ్రాండుకు నీ పేరు లేకుండ రాద్దాం అక్కా. కొలువు పోతది."

"పేరు లేకుంటే నమ్ముతరా?"

వెంటనే నేనే చెప్పాను.

"పూర్ణిమ అని రాయి. ఏ బల్ల కాడ పని చేస్తనో అది గూడ రాయి."

ఉత్తరం వెళ్లిన వారానికి గేటు దగ్గర నా పాసు పనిచేయలేదు. మూడు నెలలకు ఆ బ్రాండు ఇక బొచ్చు అమ్మబోమని ప్రకటించింది. అందులో నా ప్రస్తావన లేదు. భోజనాల దగ్గర చదివి వినిపించాను.

"అయితే ఏమొచ్చింది నీకు?" అన్నాడు వీరేందర్.

కంచాలు తీశాను. బొచ్చు అమ్మే బ్రాండు ఇంకొకటి ఉందని, దాని కొట్టు తను నిలబడే మాల్‌లోనే ఉందని ఫరీదా చెప్పింది.

ఆదివారం పొద్దున చీర మార్చుకుని వచ్చాను.

"యాడికి? మరి బువ్వ?" అంది అత్త.

బియ్యం ఏ డబ్బాలో ఉన్నాయో వీరేందర్‌కు చూపించి, చెప్పులేసుకున్నాను.