జడ్జ్ అనే మాటకి ఒక ఉదాహరణ

మా పెళ్ళై అప్పటికి నలభై ఏడు రోజులు. ఈ లెక్క నాది కాదు, మా ఆయన హరిబాబుది. రోజూ పొద్దున్నే నా టిఫిన్ డబ్బా మూత మీద ఆ రోజు అంకె వేసిన చిన్న కాగితం అంటించి పంపుతాడు. మధ్యాహ్నం డబ్బా తెరిచే ముందు ఆ అంకె చూసి నాలో నేనే నవ్వుకోవడం అలవాటైపోయింది. నాది నెల్లిమర్ల. ఇప్పుడు నౌపడలో, రైలు వెళ్ళినప్పుడల్లా గూట్లో గ్లాసులు గలగలలాడే ఇంట్లో ఉంటున్నాను. ఆ చప్పుడు కూడా నాకు ముద్దుగానే ఉంది.

దగ్గర్లోని ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. రోజుకో మాట బోర్డు మీద రాసి, దాన్ని ఎన్ని రకాలుగా వాడొచ్చో పిల్లల చేతే చెప్పిస్తాను. ఆ సోమవారం మాట 'జడ్జ్'.

"కోర్టులో ఉంటారు టీచర్. సుత్తి కొడతారు," అన్నాడు ఒకడు.

"డాన్సు పోటీల్లో మార్కులేస్తారు," అన్నాడు ఇంకొకడు.

వెనక బెంచీలోంచి యమున లేచింది. "రీల్స్‌లో డోంట్ జడ్జ్ మీ అంటారు కదా టీచర్! అంటే నన్ను తిట్టకండీ అని."

క్లాసంతా గొల్లుమంది. అన్నీ సరైనవే అన్నాను. ఇంకొకటి మిగిలిందని కూడా చెప్పాను. రోడ్డు దాటేటప్పుడు లారీ ఎంత దూరంలో ఉందో, ఎంత జోరుగా వస్తోందో చూసుకుని అడుగు వేస్తాం. కనిపించే గుర్తులన్నీ కూడగట్టుకుని ఒక మాటకి రావడం కూడా జడ్జ్ చేయడమే. అందులో పొరబడితే మిస్‌జడ్జ్. దానికి ఒక వాక్యం కావాలి. పిల్లలకి తెలిసిన సంగతయితే బాగా గుర్తుంటుంది కదా అని, తట్టిందే తడవుగా బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను.

'మై ఫాదర్ ఇన్ లా మిస్‌జడ్జ్‌డ్ ద సాల్ట్.'

మా మావయ్య పేరు అప్పలసూరి. ఆయనవి నాలుగు ఉప్పు మళ్ళు. మడిలో బెత్తెడు లోతు కూడా ఉండని ఉప్పునీళ్ళు ఎండకి ఇగిరి, అడుగున ఉప్పు పొర కడుతుంది. ఆ పొర తగినంత గట్టిపడ్డాక చెక్క పలకతో లాగి గట్టు మీద కుప్ప పోస్తారు. ముందే లాగితే అడుగు మట్టి కలిసి ఉప్పు బూడిద రంగుకి తిరుగుతుంది. ఆలస్యం చేస్తే, ఒక్క వాన చాలు, అంతా నీళ్ళపాలు. పొర ఎప్పుడు ముదిరిందో చెప్పడానికి మావయ్య చెప్పులు విప్పి మడిలోకి దిగి ఒక్కసారి అటూ ఇటూ నడిచేవాడట. ఆయన "తియ్యండి" అంటే చుట్టుపక్కల మళ్ళవాళ్ళు కూడా తీసేవారట. నలభై ఏళ్ళుగా అదే పద్ధతి.

మా పెళ్ళైన మూడో వారంలో ఆయన "తియ్యండి" అన్నాడు. తీశారు. ఉప్పు మట్టి కలిసి వచ్చింది. మావి నాలుగు మళ్ళు, పక్కనే గంగులువి మూడు. ఆ తీత మొత్తం పాడైపోయింది. అప్పట్నించి మావయ్య మడిలోకి దిగడం మానేశాడు. చెప్పులు వేసుకుని గట్టు మీదే కూర్చుంటున్నాడు. మాట పోయిందని పౌరుషం అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను.

యమున ఆ గంగులు కూతురే. ఆ సంగతి వాక్యం రాసేటప్పుడు నాకు గుర్తు రాలేదు.

మర్నాడు సాయంత్రం టీ కొట్టు దగ్గర గంగులు అరిచాడట. "మావా! నీ పేరు బోర్డెక్కినాదట గదా, ఇంగ్లీసులో! కోడలు సదువుకున్నాది, పేరు నిలబెట్టీసినాది!" అందరూ నవ్వారట, మావయ్య కూడా నవ్వాడట. హరి నవ్వుతూనే వచ్చి చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అన్నాలప్పుడు మావయ్యే అడిగాడు. "ఆ మాటని తెలుగులో ఏటంటారమ్మా?"

"పొరబడ్డారు అని మావయ్యా."

"పొరబడ్డాడు," అని మెల్లగా అనుకున్నాడు. "బాగున్నాది."

చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. మా అత్త కూర్మమ్మ నా వైపు ఒకసారి చూసి, ఆ కంచం తీసుకెళ్ళిపోయింది. ఏదైనా అని ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఆదివారం పదిన్నరకి అత్త నా చేతికి రాగులతో కాచిన సోడి అంబలి క్యారేజీ ఇచ్చింది. "మీ మావ కాడికి నువ్వే అట్టుకెళ్ళు," అంది. ఎందుకు నన్నే పంపిందో నాకు తెలుసు. మామూలు రోజయితే ఆ దారి నాకెంతో ఇష్టం. ఎండలో ఉప్పు కుప్పలు కళ్ళు చెదిరేలా మెరుస్తుంటాయి, గాలి పెదాలకి తగిలితే ఉప్పగా ఉంటుంది. ఆ రోజు దారి పొడవునా క్షమించమని ఎలా అడగాలా అని మాటలు వెతుక్కుంటూ నడిచాను. పడమటి వైపు ఒక నల్లమబ్బు లేస్తోంది.

అవతలి గట్టు మీద హరి, గంగులు ఫోను పట్టుకుని వాదించుకుంటున్నారు.

"నలభై శాతం వాన అని చూపిస్తోంది గంగులన్నా."

"నలబై శాతం అంటే ఏటిరా? నలబై పాళ్ళు తడిసి, అరవై పాళ్ళు ఆరిపోతామా? తియ్యాలా ఒద్దా, ఆ ముక్క సెప్పమను నీ పోన్ని!"

పొర కట్టి పదకొండు రోజులైంది. ఈ రోజు తీస్తే మళ్ళీ మట్టి కలుస్తుందేమో. తీయకపోతే వానకి పోతుందేమో. రెండోసారి కూడా పాడైతే ఈ కాలం పనంతా వృథా. ఇద్దరూ మాటిమాటికీ మావయ్య వైపు చూస్తున్నారు గానీ వచ్చి అడగడం లేదు. ఆయన తలెత్తడం లేదు.

నన్ను చూసి మావయ్య లేచి రెండడుగులు వేశాడు. కుడి చెప్పు ఆయన కాలితో పాటు విచిత్రంగా లేచింది, అతుక్కున్నట్టు. వంగి చూశాను. తుమ్మముల్లు. అడుగు నుంచి చెప్పుని చీల్చుకుని మడమలోకి దిగిపోయింది. చెప్పునీ కాలినీ కలిపి కుట్టేసినట్టుంది. చెప్పు అంచు మీద నెత్తురు ఎండిపోయి ఉంది. ఎప్పుడు దిగిందో!

"మావయ్యా, కూర్చోండి! ముల్లు!"

"ఏ ముల్లు?" అన్నాడు.

కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని, గట్టిగా లాగాను. వేలెడంత ముల్లు బయటికి వచ్చింది. ఆయన మొహంలో చిన్న కదలిక లేదు. నా చేతిలోని ముల్లుని వేరే ఎవరిదో అన్నట్టు చూశాడు.

అప్పుడు నాకు అర్థమైంది.

"ఎప్పటినుంచి మావయ్యా?"

మావయ్య కండువాతో మడమ తుడుచుకుంటూ అన్నాడు. "దసరా కాడినుండి మొద్దుబారతన్నాయి. సుగరు కదా. మొదట వేళ్ళు, ఇప్పుడు మడమలు. పోయిన తీతకి మడిలో దిగితే కిందన ఏటున్నాదో తెలీనేదమ్మా. గోనె మీద నడిసినట్టున్నాది. తెలీనేదని సెప్పడానికి నోరు రానేదు. రోజులు లెక్కెట్టి తియ్యండన్నాను."

"ఇంట్లో చెప్పాల్సింది."

"ఏటని సెప్తాను? ఈ కాళ్ళు సూసే కదా నా మాట యిన్నారు అందరూ. కాళ్ళు పోనాయంటే ఇంకేటున్నాది నా కాడ?" నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎవులికీ సెప్పకు తులసమ్మా."

సరేనని మాటివ్వలేకపోయాను. ఇవ్వనని కూడా అనలేకపోయాను. నేను బోర్డు మీద రాసిన వాక్యంలో వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు. కానీ ఏ గుర్తు చూసి రాశాను? ఈ కాళ్ళని ఒక్కసారైనా చూశానా?

క్యారేజీ గట్టు మీద పెట్టాను. చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు పైకి దోపాను.

"ఏటి సేస్తన్నావు?"

"మీరు అడగండి. కింద ఏముందో నేను చెబుతాను."

నా కాళ్ళ వైపు చూశాడు. "మట్టెలు నల్లబడిపోతాయమ్మా," అన్నాడు.

"పడనీండి."

మొదటి మడిలో అడుగు పెట్టాను. నీళ్ళు గోరువెచ్చగా, జిడ్డుగా ఉన్నాయి. అరికాళ్ళలో వందమంది ఒకేసారి గిల్లినట్టయింది. "అమ్మో!" అన్నాను.

"మడమతో కాదు, ముందు వేళ్ళు ఆనించు. ఏటి తగుల్తంది?"

"రవ్వలా ఉంది మావయ్యా."

"బొంబాయి రవ్వా, ఇడ్లీ రవ్వా?"

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తొక్కాను. "కాదు, ఇంకా పెద్దది. పటికబెల్లం చితక్కొట్టినట్టు."

"నొక్కితే జారతందా, నిలబడతందా?"

"నిలబడుతోంది. కరకరమంటోంది."

"అటు మూలకెళ్ళు. అక్కడో?"

"ఇక్కడా అంతే."

రెండో మడీ అలాగే ఉంది. మూడో మడిలో మాత్రం పలుకులు సన్నగా ఉన్నాయి, వేళ్ళు కదిపితే పక్కకి తప్పుకుంటున్నాయి, వాటి కింద మెత్తగా మట్టి తగిలింది. ఇడ్లీ రవ్వ, అన్నాను. నాలుగోదీ అంతే. ఒక్కో మాటకీ ఆయన తల ఊపుతున్నాడు. ఒకచోట రెండుసార్లు తొక్కమన్నాడు. ఇంకోచోట, "వేడిగా ఉన్నాదా, సల్లగా ఉన్నాదా?" అని అడిగాడు. ఉప్పుకీ వేడికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలీదు. నేను గట్టెక్కేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు. మబ్బు వైపు చూశాడు, గాలి ఎటు నుంచి వస్తోందో మొహం తిప్పి చూసుకున్నాడు. ఏడు వారాల్లో ఆయన్ని అంత నిటారుగా నేనెప్పుడూ చూడలేదు.

"గంగులూ!" అని కేకేశాడు. "బేగి రా!"

గంగులు, హరి పరిగెత్తుకొచ్చారు. నా తడి కాళ్ళనీ దోపిన చీరనీ చూసి హరి నోరు తెరిచాడు.

"మొదటి రెండు మళ్ళూ ఇప్పుడే తియ్యండి," అన్నాడు మావయ్య. "ఆ రెండూ ఒగ్గీండి. వానొస్తే పోతాయి, పోనీ. ఇప్పుడు తీస్తే మాత్రం మట్టే."

గంగులు కదల్లేదు. "మావా, ఏటనుకోకు. పోయినసారీ ఇలగే సెప్పినావు."

మావయ్య నా వైపు చూశాడు. ఆ రహస్యం బయటపెట్టొద్దని అంటున్నాడనుకున్నాను. కానీ ఆయనే కుడి కాలు ఎత్తి, మడమ మీద నెత్తురు మరకని గంగులుకి చూపించాడు.

"ముల్లు దిగినా తెలీనేదు. నా కాళ్ళు పోనాయిరా. పోయినసారి తెలీకుండానే సెప్పినాను, అది నా తప్పు. ఈసారి తొక్కినది కోడలు. సెప్పినది నాను."

హరి చేతిలో ఫోను అలాగే కిందికి వాలిపోయింది. గంగులు వంగి ఆ మడమ చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి తలకి చుట్టుకుని, నా వైపు తిరిగాడు.

"ఓలమ్మా, నా మళ్ళు కూడా ఓపాలి తొక్కీసి పోమ్మా. పిల్ల టీచరువి, కాదనకు."

ఆయన మూడు మళ్ళూ తొక్కాను. మావయ్య గట్టు వెంబడి నాతో పాటే నడుస్తూ అడుగుతూ వచ్చాడు. గంగులువి రెండు తీయమన్నాడు. సాయంత్రం దాకా పలకలు ఆడాయి. ఉప్పు తెల్లగా వచ్చింది, మల్లెపూలు కుప్ప పోసినంత తెల్లగా. ఒక పలుకు తీసి నోట్లో వేసుకుని, ఎవరికీ కనబడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

వాన రాలేదు. మబ్బు సముద్రం మీదికి వెళ్ళిపోయింది. హరి ఇంట్లో నా అరికాళ్ళకి కొబ్బరినూనె రాస్తూ, "యాభై మూడో రోజు, భార్య కాళ్ళు పట్టించుకుంది," అన్నాడు. మట్టెలు నిజంగానే నల్లబడ్డాయి. అత్త చింతపండు నానబెట్టి తెచ్చి, నా పక్కన కూర్చుని, నా కాలి వేళ్ళకి ఉండగానే వాటిని తోమింది. ఆవిడ నాతో అన్నది ఒక్కటే మాట. "రేపు ఆసుపత్రికి నువ్వూ వెళ్ళు. నేనడిగితే బాగానే ఉన్నాదంటాడు."

సోమవారం పొద్దున స్కూల్లో ఒక్క గంట ఉన్నాను. బోర్డు మీద 'జడ్జ్' అని మళ్ళీ రాశాను. పోయిన వారం రాసిన వాక్యం తప్పని, రాసింది నేనేనని చెప్పాను.

యమున లేచింది. "కానీ టీచర్, నిన్న వాన రానేదు కదా? అన్ని మళ్ళూ ఒగ్గీసుంటే ఇంకా బాగా ముదురును కదా? మరి తాత ఈసారీ మిస్‌జడ్జే కదా?"

"నిన్న మీ నాన్న ఏమన్నాడు?"

ఆలోచించింది. "మా నాన్నేటీ అన్లేదు టీచర్. ఉప్పు సూసుకుంటా నవ్వుకున్నాడు."

"అది జడ్జా, మిస్‌జడ్జా, ఒక వాక్యంలో నువ్వే రాసుకుని రా," అన్నాను.

టెక్కలి ఆసుపత్రిలో మావయ్యని మంచం మీద పడుకోబెట్టి, నర్సు సన్నటి దారంలాంటిదేదో ఆయన అరికాలికి తాకించింది. "కళ్ళు మూసుకోండి తాతా. తాకినప్పుడు చెప్పండి. ఇప్పుడు తెలుస్తోందా?"

"తెలుస్తా..." అని ఆగిపోయాడు. కళ్ళు తెరిచి నా కోసం వెతికాడు. గుమ్మం దగ్గర, చెప్పులు వేసుకోవడానికి కూడా వీల్లేకుండా మండుతున్న కాళ్ళతో నిలబడి ఉన్నాను. నా కాళ్ళ వైపు ఒకసారి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"నేదమ్మా," అన్నాడు నర్సుతో. "ఏటీ తెలవడం నేదు. రాసుకో."